మేత యెవరి చేతిలో?

(ఒక పట్టణ పఠనమందిర వార్షికసభలో మేము చేసిన ప్రసంగపాఠము)



పఠనమందిరపు వార్షికసభలో పశువుల మేతను గూర్చి ప్రసంగింపబూనుట కొందరికి వింతగా దోపవచ్చును. ఈ వేదికమీద కవిత్వమును గూర్చియు, రాజ్యాంగమును గూర్చియు మాటలాడిన పెద్దలు గలరు. వారి వెనుక వచ్చి తవుడు, చెక్క, చొప్ప అని మేము మొదలిడినచో సభ్యులు నవ్వుకొందురేమో. నవ్వుకొన్నను దోషము లేదు. మీ మందిరపు బల్లమీద నున్న దినపత్రికలలో ప్రతిదినము కోడిగ్రుడ్ల ధర అచ్చగుచున్నది. విజయవాడలో ఇంత, హైదరాబాదులో ఇంత అని నూరు గ్రుడ్ల లెక్కన ఇచ్చెడి ఆ ధరను చూడని గృహస్థుడు అరుదు. కాని ఆ గ్రుడ్డు పెట్టిన కోడి యేమి తిన్నది, తిన్నది యెక్కడ పండినది, దాని ధరను ఎవరు నిర్ణయించిరి అను సంగతి ఆ పుటలో ఎక్కడను కానరాదు. గ్రుడ్డునకగు వ్యయములో పదింట ఏడువంతులు మేతయే యైనను! నేటి మా మాటలన్నియు ఆ కానరాని ధరను గూర్చినవే.

గ్రుడ్లు పెట్టెడు కోడి దినమునకు సుమారు 110 గ్రాముల మేత తినును. అందులో సగమునకు పైగా మొక్కజొన్న. పాతికవంతునకు దగ్గరగా నూనె తీసిన సోయాచెక్క. తక్కినది తవుడు, సున్నపురాతి పొడి, లవణములు. మన పెద్దల కాలపు పెరటికోడి పురుగును ఏరుకొని, కల్లమువద్ద రాలిన గింజను తిని, సందెవేళకు గంపక్రిందికి చేరెడిది. దాని మేతకు ధర యనునది లేదు. నేటి షెడ్డులోని కోడికి రాలిన గింజ లేదు. తూచిన గింజయే కలదు. ఈ రెండు కోళ్లకు నడుమనున్న దూరమే గడచిన అరువదేండ్ల ప్రపంచచరిత్రలో ఒక పెద్ద అధ్యాయము.

1961వ సంవత్సరమున ప్రపంచమంతటను ఉత్పత్తియైన మాంసము సుమారు 7 కోట్ల టన్నులు. నేడది 36 కోట్ల టన్నులను దాటినది. అదే కాలమున జనసంఖ్య 300 కోట్లనుండి 800 కోట్లకు వచ్చినది. జనము మూడురెట్లైనను కాలేదు, మాంసము అయిదురెట్లైనది. అందులోను కోడిమాంసము 1 కోటి టన్నులకు లోపుగా నుండినది 14 కోట్ల టన్నుల ప్రాంతమునకు పెరిగినది. ఈ పెరుగుదలలో ఒక విశేషమును గమనింపుడు. ఆవునకు, గేదెకు, గొఱ్ఱెకు నాలుగు గదుల కడుపు కలదు. మనము తినలేని గడ్డిని, చొప్పను, ఆకును అవి నెమరువేసి పాలుగాను మాంసముగాను మార్చును. కోడికిని పందికిని ఆ శక్తి లేదు. వాటికి మనము తినదగిన గింజయో, దానికి సమీపబంధువైన చెక్కయో కావలెను. ప్రపంచము తన మాంసములో అధికభాగమునకు నెమరువేయు జంతువును విడిచి నెమరువేయని జంతువును ఆశ్రయించినది. అందుచేతనే ప్రపంచమున పండు ధాన్యములో సుమారు మూడవవంతు నేడు పశుపక్ష్యాదుల దాణాకు పోవుచున్నది. ఫ్యాక్టరీలలో తయారగు దాణా యొక్కటియే సంవత్సరమునకు 130 కోట్ల టన్నుల ప్రమాణమున నున్నది.

ఇక్కడ ఒక మాట న్యాయముగా చెప్పవలసియున్నది. పశువులన్నియు మనుష్యుల నోటిముద్దను లాగికొనుచున్నవని కొందరు వాదించుట కలదు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు 2017వ సంవత్సరమున లెక్కవేసి, ప్రపంచ పశుసంపద తినెడి మేతలో నూటికి 86 పాళ్లు మనుష్యులు తినజాలని పదార్థమే యని తేల్చిరి. గడ్డి, చొప్ప, తవుడు, చెక్క మొదలగునవి అన్నమాట. కావున మేము మాంసాహార శాకాహార వివాదమునకు ఇచ్చట దిగుటలేదు. ఎవరి విస్తరి వారిది. మిగిలిన ఆ 14 పాళ్లను గూర్చియే మా చింత. ఏలననగా అంగడిని త్రిప్పుచున్నవి, ఓడలను నింపుచున్నవి, రాజ్యములను కలవరపెట్టుచున్నవి ఆ పదునాలుగు పాళ్లును, వాటి వెంటవచ్చెడి చెక్కయునే.

ఎట్లు కలవరపెట్టినవో తెలియుటకు 1973వ సంవత్సరపు కథను కొంచెము విస్తరించి చెప్పెదము.

దానికి మొదలు ఒక చిన్నచేప. దక్షిణ అమెరికాలోని పెరూ తీరమున ఆంచోవీ యను చేప గుంపులు గుంపులుగా తిరుగును. మన కోస్తావారు నెత్తళ్లని పిలుచు చేపలకు ఇది చుట్టము. ఆ చేపను పట్టి, ఎండించి, పొడికొట్టి, ఐరోపా అమెరికాలలోని కోళ్లకును పందులకును మేతగా పంపు వ్యాపారము 1950 తరువాత బ్రహ్మాండముగా పెరిగెను. 1970వ సంవత్సరమున పెరూవారు పట్టిన ఆంచోవీ 1 కోటి 20 లక్షల టన్నులకు పైబడెను. ఇంతలో 1972లో ఎల్ నినో వచ్చి ఆ సముద్రజలము వేడెక్కెను. అప్పటికే మితిమీరి పట్టుటచే సన్నగిల్లిన చేప కానరాకపోయెను. 1973లో దొరికినది ఇరువదిలక్షల టన్నుల ప్రాంతము మాత్రమే. లిమా పట్టణమునకు చేరువనున్న తీరమున చేప దొరకకపోవుటకును, టోకియోలోని గృహిణి వంటకును సంబంధమేమని మీరడుగవచ్చును. వినుడు.

చేపపొడి లేకపోవుటతో దాణా వర్తకులందరును మాంసకృత్తులకై సోయామీద పడిరి. అప్పుడు ప్రపంచమునకు సోయాను అమ్మునది ముఖ్యముగా అమెరికాదేశ మొక్కటియే. అంతకు పూర్వపుటేడే సోవియట్టు రష్యాలో పంటలు చెడి, వారు అమెరికా ధాన్యమును విస్తారముగా కొనుక్కొనిపోయి యుండిరి. సోయాధర ఒక్క సంవత్సరములో మూడురెట్లకు మించినది. అమెరికాలోనే మాంసపుధర మండిపోయి 1973 ఏప్రిల్‌లో అచ్చటి గృహిణులు మాంసమును బహిష్కరించిరి. ఆ యేడు జూన్ 27వ తేదీన అధ్యక్షుడు నిక్సన్ ప్రభుత్వము సోయా ఎగుమతిని నిలిపివేసినది. స్వేచ్ఛావాణిజ్యమును ప్రపంచమునకు బోధించెడి దేశము, తన యింటి కోళ్లకు కొరత వచ్చునన్న భయము కలుగగనే, తలుపు మూసికొన్నది. కొలదిదినములకే ఆ నిషేధము సడలి, పాత కంట్రాక్టులలో కొంతభాగము పంపుటకు అనుమతి కలిగినది. శరత్కాలమునకు పూర్తిగా తొలగినది. కాని జరుగవలసిన పని అప్పటికే జరిగిపోయినది. జపాను తన సోయాలో పదింట తొమ్మిదివంతులు అమెరికానుండియే తెప్పించుకొనుచుండెను. అచ్చట సోయా పశువులమేత మాత్రమే కాదు. వారు నిత్యము తినెడి తోఫు, మీసో, కూరలలో పోయు రసము అన్నియు దానితోనే. మిత్రరాజ్యమని నమ్మినది ఒక్క ఉత్తరువుతో గింజను ఆపివేయగలదని వారికి తెలిసివచ్చెను.

జపానువారు దుఃఖించుచు కూర్చుండలేదు. 1974లో వారి ప్రధాని తనాకా బ్రెజిల్ దేశమునకు వెళ్లెను. 1979నుండి ఉభయదేశములు కలిసి బ్రెజిల్ నడిమిభాగమున సెర్రాదో యను మైదానమును సాగులోనికి తెచ్చు పనిని నడపినవి. ఆ నేల పులుపు నేల. అచ్చట ధాన్యము పండదని అందరును త్రోసివేసిన చవిటిపట్టు వంటిది. 1973లోనే బ్రెజిల్ స్థాపించుకొన్న వ్యవసాయ పరిశోధనసంస్థ ఎంబ్రాపావారు సున్నము వేసి నేల పులుపును విరిచిరి; చలిదేశపు సోయాను ఉష్ణదేశమునకు అలవరచిరి. 1970లో 15 లక్షల టన్నుల సోయా పండించిన బ్రెజిల్ నేడు 15 కోట్ల టన్నులకు పైగా పండించి అమెరికాను మించినది. ఒక చేప కానరాకపోవుటయు, ఒక ఉత్తరువు వెలువడుటయు కలిసి, సముద్రమునకు ఆవలనున్న ఒక మైదానపు రూపును మార్చివేసినవి. ఆ మైదానపు సహజవృక్షసంపదలో సుమారు సగము నశించిపోయినదని గూడ చెప్పక తప్పదు.

బ్రెజిల్ మాట వచ్చినది కావున తెలుగువారు తెలిసికొనదగిన ముచ్చట ఒకటి. ఆ దేశమున 20 కోట్లకు పైగా నున్న పశువులలో పదింట ఎనిమిదివంతులు నెలోర్ జాతివి, లేక దాని సంకరములు. నెలోర్ అనగా మన నెల్లూరు. మనము ఒంగోలుజాతి యనెడి ఆ మూపురపు తెల్లని పశువులు పందొమ్మిదవ శతాబ్దినుండి 1960 దశాబ్దపు మొదటివరకు ఓడలెక్కి పోయినవి. అచ్చట ఆఫ్రికానుండి తెచ్చి నాటిన పచ్చికమీద అవి కోట్లుగా వర్ధిల్లినవి. బ్రెజిల్‌ను గొడ్డుమాంసపు ఎగుమతిలో ప్రపంచమున మొదటిస్థానమున నిలిపినవి. ఇచ్చట గుండ్లకమ్మ ఒడ్డున ఆ జాతికి మేపు దొరకుట కష్టమైనది. ట్రాక్టరు వచ్చి ఎద్దును దింపివేసినమాట నిజమే. కాని బీళ్లు పోయిన సంగతిని మనము అంతగా చెప్పుకొనుట లేదు. పశువు ఎక్కడ పుట్టినను మేతయున్నచోటనే నిలుచును.

సోయాను పండించువారు ఎక్కువైనను కొనువారి కష్టము తీరలేదు. చీనాదేశము సోయాకు పుట్టినిల్లు. 1990 దశాబ్ది మధ్యవరకు తన అక్కరకు తానే పండించుకొన్నది. పిమ్మట ప్రజల చేతిలో నాలుగు డబ్బులు మెదలి, పందిమాంసము నిత్యాహారమై, 2000 సంవత్సరమున 1 కోటి టన్నుల సోయాను దిగుమతి చేసికొన్నది. 2020లో అది 10 కోట్ల టన్నులైనది. ఇరువదేండ్లలో పదిరెట్లు! 2018లో అమెరికాతో సుంకముల పోరు రాగా చీనావారు అమెరికా సోయామీద నూటికి 25 పాళ్ల సుంకము విధించి బ్రెజిల్ ముఖము చూచిరి. 2025లో మరల పోరు రాగా కొన్నినెలలు అమెరికానుండి కొనుటయే మానిరి. ఆ యేడు అయోవా, ఇల్లినాయి రైతులు పంట కోసి కొట్లలో పోసికొని, కొనువాని కొఱకు ఎదురుచూచిరి. 1973లో తలుపు మూసినవారే 2025లో తలుపు తట్టవలసి వచ్చినది. అంత పెద్ద గిరాకీదారైన చీనాయు నిశ్చింతగా లేదు. 2023లో వారి వ్యవసాయశాఖ మూడేండ్ల ప్రణాళిక నొకటి ప్రకటించి, దాణాలో సోయాచెక్క పాలును 2025 నాటికి నూటికి 13కు లోపుగా తగ్గింపవలెనని నిర్ణయించినది.

మేతను చౌకచేయబోయి చెడినవారి కథయు ఒకటి కలదు, క్లుప్తముగా చెప్పెదము. ఇంగ్లండులో చచ్చిన పశువుల మాంసమును ఎముకలను పొడికొట్టి, గడ్డితినెడి ఆవులకు దాణాలో కలిపి పెట్టిరి. 1986లో ఆవుల మెదడు చెడు వింతరోగము బయటపడినది. 1988లో ఆ దాణాను నిషేధించిరి. లక్షల పశువులను చంపి కాల్చవలసి వచ్చినది. 1996లో ఆ రోగము మనుష్యులకును సోకినదని తేలినది. ఆవును నరమాంసభక్షకునివలె స్వజాతిభక్షకిని చేసినది శాస్త్రము కాదు, టన్నుకు కొన్ని పౌనుల మిగులు.

ఇక మన యింటికి వత్తము.

మేతకొఱకు ప్రాణములిచ్చిన జాతి మనది. 1922వ సంవత్సరము ఫిబ్రవరిలో పలనాటిసీమలోని మించాలపాడున కన్నెగంటి హనుమంతు తుపాకిగుండ్లకు కూలినది దేనికొఱకు? అడవిలో పశువులను మేపుకొన్నందుకు సర్కారు అడిగిన పుల్లరిని ఈయమని నిలిచినందుకు. ఆ గడ్డికి విత్తు వేసినది సర్కారు కాదు, నీరుపెట్టినది సర్కారు కాదు. పన్ను మాత్రము సర్కారుది. పలనాటి రైతులకు పశువు ఎవరిదను సందేహము లేదు. గడ్డి ఎవరిదను ప్రశ్న వచ్చినది. ఆ ప్రశ్న వచ్చిన నూరేండ్లకు మరల మనయెదుట నిలిచియున్నది. ఈమారు బందూకు లేదు, ధరలపట్టీ కలదు.

మన పాడికి ఒక గొప్ప బలముండెను, నేటికిని కొంత యున్నది. మన గేదె వరిగడ్డి తిని, పొలముగట్టున పచ్చిక మేసి, ఇంటి కుడితి త్రాగి పాలిచ్చును. అది మనుష్యుని ముద్దకు పోటీ కాదు. 1998 ప్రాంతమున భారతదేశము పాల ఉత్పత్తిలో ప్రపంచమున మొదటిస్థానమునకు వచ్చినది. 2023-24లో మన పాలు 23 కోట్ల 90 లక్షల టన్నులు. దీనిని సాధించినవారు ధనికులగు పశుపాలకులు కారు. రెండు గేదెలున్న ఇల్లాలు, కౌలురైతు, కూలివాడు. ఆ యుద్యమపు మూలమునకు పోయి చూచినచో అచ్చట మనకు అగుపడునది పాలబిందె కాదు, దాణామూట. 1964 అక్టోబరు 31న ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రిగారు గుజరాతులోని ఖేడా జిల్లాకు వచ్చినది కంజరి గ్రామమున సహకారసంఘమువారి దాణా ఫ్యాక్టరీని ప్రారంభించుటకు. ఆ సందర్భమున ఒక గ్రామములో రాత్రి బసచేసి, రైతులతో మాటలాడి, ఈ సంఘము దేశమంతటను ఏల యుండరాదని తలంచిరి. మరుసటియేడు జాతీయ పాడిపరిశ్రమాభివృద్ధి సంస్థ ఏర్పడినది. పాలు అమ్ముకొనుట మాత్రమే చాలదు, దాణా తయారుచేయు యంత్రముగూడ రైతుల సంఘము చేతిలో నుండవలెనని కురియన్ మొదలగువారు ఆనాడే గుర్తించిరి. తరువాత మనదేశమున పాలసంఘములను అనుకరించినవారు అనేకులు. దాణాసంగతిని అంత శ్రద్ధతో పట్టించుకొన్నవారు కొద్దిమంది.

నేడు ఆ పాడిబలము సన్నగిల్లుచున్నది. సంకరజాతి ఆవు వచ్చినది. ఎక్కువ పాలిచ్చును, ఎక్కువ దాణా అడుగును. దేశములోని సాగుభూమిలో పశుగ్రాసమునకు కేటాయించినది నూటికి నాలుగు పాళ్లు మాత్రమే. దశాబ్దములుగా అది పెరిగినది లేదు. ఊరి బంజరు పట్టాలైనది, చెఱువు శిఖము ఆక్రమణమైనది. కృష్ణా గుంటూరు మండలములలో వరికోత కాగానే పిల్లిపెసర చల్లి, ఆ పచ్చిమేతతో వేసవి గట్టెక్కించెడి వాడుక తగ్గిపోయినది. ఆ పొలములలోనే నేడు మొక్కజొన్న. మొన్న మేము ఈ ఊరికి వచ్చుచుండగా దారికి ఒకప్రక్క కోతయంత్రము కోసిన మడిలో గడ్డి చెదరి పడియుండెను. ఇంకొకచోట దానిని తగులబెట్టిరి. పొగలో దారి కానరాలేదు. ఆ పొగను దాటి అరమైలు రాగానే గడ్డి నింపిన లారీ ఒకటి ఎదురైనది, ఎక్కడినుండియో కొనితెచ్చుచున్నారు. 2022 ఆగస్టులో దేశమున టోకుబజారులో మేతధరలు అంతకు ముందటియేటికన్న పాతికవంతు హెచ్చినట్లు సర్కారు లెక్కలే చెప్పినవి. పాలధర అంత హెచ్చినదా? ఈ సభలోని పాలుపోయువారిని అడుగుడు.

కోళ్లసంగతి మఱియు సూక్ష్మమైనది. 2023-24లో దేశమున గ్రుడ్లు 14,277 కోట్లు. అందు ఆంధ్రప్రదేశ్ ప్రథమస్థానమున, తెలంగాణ మూడవస్థానమున నున్నవి. దేశమున తినెడి ప్రతి పదిగ్రుడ్లలో మూడు తెలుగుగ్రుడ్లే యనవచ్చును. ఈ పరిశ్రమకు తీరుతెన్నులు దిద్దినవారిలో ఒక తెలుగువారు, బి.వి. రావుగారు, ప్రముఖులు. దళారులు చెప్పిన ధరకు గ్రుడ్లమ్ముకొని నష్టపడుచుండిన రైతులను కూడగట్టి 1982లో గ్రుడ్ల సమన్వయసంఘమును స్థాపించి, తమ గ్రుడ్డునకు తామే ధరచెప్పు హక్కును సంపాదించి పెట్టిరి. మీరు పత్రికలో చదువు ధర ఆ పోరాటఫలమే. అయితే గ్రుడ్డుధర చెప్పువారు మేతధర చెప్పజాలరు. 2021లో సోయాచెక్క ధర కొద్దినెలలలో రెండింతలకు మించి, కిలో నూరురూపాయల సమీపమునకు పోయినది. కోళ్లు మేతకు ఆగవు గదా! ఆ ఆగస్టులో కేంద్రప్రభుత్వము 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయాచెక్కను విదేశములనుండి తెచ్చుకొనుటకు ప్రప్రథమముగా అనుమతించినది. విత్తనమును పొలములో వేయుటకు ఒప్పుకొననివారము, ఆ విత్తనపు చెక్కను మేతలో వేయుటకు ఒప్పుకొంటిమి. తప్పో ఒప్పో చర్చింపదగినదే. కాని ఆలోచించి చేసినది కాదు, ఊపిరాడక చేసినది.

మూడేండ్లకు మొక్కజొన్న వంతు వచ్చినది. అంతవరకు మొక్కజొన్నలో సగమునకు పైగా తినెడివి కోళ్లు, పశువులు. పెట్రోలులో ఇథనాల్ కలుపవలెనను సంకల్పముతో ప్రభుత్వము 2024లో మొక్కజొన్న ఇథనాల్‌కు లీటరు 71 రూపాయల 86 పైసలు చెల్లింప నిశ్చయించినది. మనుష్యుడు, పశువు కూర్చుండు పంక్తికి మూడవవాడుగా మోటారుబండి వచ్చినది. ఆసియాఖండమున మొక్కజొన్నను ఎగుమతి చేయుటలో పేరొందిన మనదేశము, దశాబ్దముల తరువాత 2024లో మయన్మారునుండి, ఉక్రెయినునుండి దిగుమతి చేసికొనవలసి వచ్చెను.

ఇచ్చట మా మిత్రులొకరు అడ్డుతగిలి, “మొక్కజొన్న రైతుకు నాలుగు రూపాయలు వచ్చిన మీకు కష్టముగా నున్నదా?” అని అడిగిరి. కష్టము లేదు. నిజాంసాగరము క్రింది రైతుకైనను, కృష్ణాడెల్టాలో వరిమాగాణిని మొక్కజొన్నకు మార్చుకొన్న రైతుకైనను ధర రావలసినదే. వచ్చిన ధర నిలిచినదా యని మా ప్రశ్న. 2024లో దొరకని సరకు 2025 చివరకు పేరుకొనిపోయి, క్వింటాలుకు 2,400 రూపాయల మద్దతుధర ప్రకటించియున్నను, కర్ణాటకలో రైతులు అంతకు చాల తక్కువకు అమ్ముకొనవలసివచ్చి రోడ్డెక్కిరి. ఒకయేడు కోళ్లరైతు ఏడ్చును, మరుసటియేడు మొక్కజొన్నరైతు ఏడ్చును. ఇద్దరును ఒకే గ్రామమువారై యుండవచ్చును. నడుమ నిలువచేసికొనగలవాడు రెండేండ్లును నవ్వును. తవుడునకును ఇదేగతి. నూనెతీసిన తవుడు ఎగుమతిని 2023 జూలైలో నిషేధించిరి, 2025 అక్టోబరులో తెరచిరి. కొల్లేటి చేపలచెఱువులవారు ఆ తవుడును బస్తాలకొద్ది నీటిలో వ్రేలాడదీయుదురు. వారికి నిషేధము మేలు, మిల్లువారికి కీడు. ఎవరిపక్షమున తీర్పుచెప్పినను రెండవవాడు అన్యాయమనును. వీరిని ఒకచోట కూర్చుండబెట్టి, ఏ యేటికి ఎంత మేత కావలెను, ఎంత పండును అని ముందుగా లెక్కచూచువారు లేకపోవుటయే అసలు లోపము.

మాంసపుకోళ్ల రైతును గూర్చి చెప్పక మేము కూర్చుండరాదు. తెలుగుజిల్లాలలో వేలమంది నేడు కంపెనీల ఒప్పందముమీద కోళ్లు పెంచుచున్నారు. పిల్ల కంపెనీది, మేత కంపెనీది, మందు కంపెనీది. తూకమునకు ఇంత యని పెంపకపు కూలి రైతునకు వచ్చును. ధరలు పడిపోయినపుడు ఆ నష్టము తనమీద పడదను ధైర్యముతోనే అతడు ఇందులోనికి దిగెను. ఆ మేలును మేము కాదనము. కాని మేత ఎక్కువ తిని కోడి తక్కువ పెరిగినచో కూలిలో కోతపడును. మేతలో నేమి కలిపిరో అడుగుటకు అతనికి హక్కు లేదు. షెడ్డు మాత్రము అతనిది. షెడ్డుమీది అప్పు అతనిది. కోళ్లరైతు అని అతనిని పిలుచుచున్నాము. మేత చేతిలోలేని రైతు తన షెడ్డులోనే కూలివాడు.

2025లో అమెరికాతో జరిగిన వాణిజ్యసంభాషణలలో వారు తమ మొక్కజొన్నకును సోయాకును మన తలుపులు తెరువుమని పట్టుపట్టిరి. చీనా కొనకపోగా వారికి అంగడి కావలెను. చౌకగా వచ్చిన గింజను వద్దనుట ఏల యని మన కోళ్లపరిశ్రమలోని కొందరందురు. తెరచినచో ఆదిలాబాదు, నిర్మల్ మండలముల సోయారైతు గతి యేమని మఱికొందరందురు. మేము రెండవవారి పక్షము. చౌకగింజ చౌకగా నుండునది తలుపు పూర్తిగా తెరచుకొనువరకే; 1973లో జపానువారికి జరిగినదానిని ముందే చెప్పితిమి. అయితే తలుపు మూసికొని ఇంట పండింపకుండ కూర్చుండుటయు నీతి కాదు. మనదేశపు సోయా దిగుబడి హెక్టారుకు ఒక టన్ను చుట్టునే తిరుగుచున్నది. బ్రెజిల్‌వారిది మూడుటన్నులకు పైన. పులుపునేలను వారు విరిచినట్లు మన నల్లరేగడిమీద మనము పనిచేయలేదు. ఆ నింద రైతుది కాదు.

ప్రభుత్వము చేయవలసినవి ప్రభుత్వము చేయుగాక. నిలువకొట్లు, గింజలలెక్క, విత్తనపరిశోధన ఒక పఠనమందిరము తీర్మానించినంత మాత్రమున రావు. ఈ పట్టణమువారి చేతిలోనున్నవి రెండు చెప్పి విరమింతుము. కార్తీకము దాటగానే మీ చుట్టుప్రక్కల కోతలు మొదలగును. కోతయంత్రమును పిలిపించు ప్రతిరైతునకు, దాని వెనుకనే గడ్డికట్టలు కట్టు యంత్రమునుగూడ పిలిపింపుమని చెప్పుడు. బాడుగ ఎక్కువయని అతడన్నచో పదిమంది కలిసి పిలిపించుకొనునట్లు మాటలాడుడు. ఎండుగడ్డిని, దాని తూకములో నూటికి నాలుగుపాళ్ల యూరియా కలిపిన నీటితో తడిపి మూడువారములు మూసియుంచినచో పశువునకు బలమిచ్చునని వెటర్నరీ వైద్యులు చిరకాలమునుండి చెప్పుచున్నారు. కొలత తప్పిన విషమగును గావున వారినే పిలిపించి చేయించి చూడవలెను. కోసిన మడిలో కొంతభాగమైనను పిల్లిపెసర చల్లుమని మీ పెద్దలకు గుర్తుచేయుడు. విత్తు ఇంకను దొరకుచున్నది.

రెండవది మీ మందిరపు పని. గ్రుడ్లధర పత్రికలో నున్నది. దాని ప్రక్కన ఒక నల్లబల్ల పెట్టి, మొక్కజొన్నధర, సోయాచెక్కధర, పత్తిగింజల చెక్కధర, తవుడుధర వారమున కొకమారు వ్రాయింపుడు. మొదటి నాలుగును మార్కెట్టుయార్డులోను దాణా దుకాణములలోను తెలియును. అయిదవదిగా వరిగడ్డి కట్టధరను గూడ వ్రాయుడు. అది మాత్రము ఏ పత్రికలోను దొరకదు; మీలో ఒకరు సంతకు పోయి అడిగి రావలసియుండును.